ముహూర్తాల పుస్తకంలో మా ఊరి బాకీ

2024 ఏప్రిల్ 17, శ్రీరామనవమి. మా రామాలయం పందిట్లో జీలకర్ర బెల్లం అయింది. అర్చకులు మంగళసూత్రాలు పైకెత్తి అందరికీ చూపించారు. డోళ్లు గట్టిమేళం అందుకున్నాయి. సన్నాయి అందుకోలేదు. ఒక్క క్షణం గాలి చీలిన శబ్దం వచ్చి ఆగిపోయింది. సన్నాయి వాయించే బాబాయి పీకను, అంటే ఊదే ముక్కను, నోట్లోంచి తీసి, ఎడమ బుగ్గ మీద అరచెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. పక్కనున్న కొడుకు వెంటనే అందుకోవడంతో చాలామందికి తెలియలేదు. నేను ఎదురుగా కూర్చున్నాను కాబట్టి చూశాను. పీక మీద నెత్తురు ఉంది.

బాబాయి అంటున్నానే గాని ఆయన మాకు చుట్టం కాదు. చిలకలూరిపేటకు దగ్గరలోని మా ఊళ్లో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. మా ప్రాంతానికి కొత్తవాళ్లెవరైనా వస్తే, రాముడి గుళ్లో పొద్దున్నే సన్నాయి వాయించేది సాహెబులా అని ఆశ్చర్యపోతారు. మాకది వింతగా తోచదు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారి పటం బాబాయి ఇంట్లో గడపకు ఎదురుగా ఉంటుంది. ఇటువంటి కుటుంబాలు ఇటు చీరాల దాకా, అటు నరసరావుపేట దాకా ఉన్నాయి. బాబాయి తండ్రి, తాత కూడా మా గుడి విద్వాంసులే. తెల్లవారుజామున భూపాల రాగం, పవళింపు సేవకు నీలాంబరి రాగం. మా పిల్లలు గడియారం చూడడం నేర్చుకోకముందే ఆ రెండింటితో పొద్దు తెలుసుకున్నారు.

బుగ్గలో పుండు సంక్రాంతి తర్వాత మొదలైందట. పన్ను గీసుకుంది, వేడి చేసింది అనుకుంటూ తేనె రాశారు, బి కాంప్లెక్సు మాత్రలు మింగారు, మందుల దుకాణంలో ఇచ్చిన జిగురు మందు పూశారు. అంతకు ముందు రెండేళ్లుగా నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదని, కారం తగిలితే మంటపుడుతోందని, బుగ్గ లోపల తెల్లని మచ్చ ఉందని పిన్నమ్మ నాకు తర్వాత చెప్పింది. మూడు వారాల్లో మానని నోటి పుండును పళ్ల డాక్టరుకు చూపించాలన్న ముక్క మాలో ఎవరికీ తెలియదు. బడిలో పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకూ తెలియదు.

పేటలో పళ్ల డాక్టరు ఒక్క నిమిషం దీపం వేసి చూసి, మెడ కింద వేళ్లతో తడిమి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం రోజులకు కాగితం వచ్చింది. దాని మీద స్క్వామస్ సెల్ కార్సినోమా అని ఉంది. ఆ మాటలు చదివి వినిపించిన డాక్టరు గారు బాబాయి వైపు తిరిగి, తెలుగులో, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పారు. "ఇది బుగ్గ క్యాన్సర్. దవడ ఎముక దాకా వెళ్లినట్టుంది. గుంటూరులో స్కానింగ్ చేస్తే తెలుస్తుంది. ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు." బాబాయి ఆయనను ఒకే ప్రశ్న అడిగారు. "నేను మళ్లీ ఊదగలనా?" డాక్టరు గారు నా వైపు చూసి తల వంచుకున్నారు.

ఆ కాగితం వచ్చిన రోజుల్లోనే మూఢం మొదలైంది. ఇది సంగీతంతో బతికే కుటుంబాలకు మాత్రమే పూర్తిగా అర్థమయ్యే సంగతి. ఆ ఏడాది ఏప్రిల్ చివర నుంచి జూన్ చివరి దాకా శుక్ర మౌఢ్యం. అది వదిలీ వదలగానే ఆషాఢం. అంటే ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, మేళానికి పిలుపు లేదు. మామూలుగా వేసవి సంపాదనతోనే వాళ్ల ఇంట్లో ఏడాదికి బియ్యం, మినుములు కొంటారు. రోగం, మూఢం ఒకే వారంలో గడప తొక్కాయి. పైగా ఆ మేళం మీద బతికేది ఒక్క ఇల్లు కాదు. ఇద్దరు డోలు వాయించేవాళ్లు, శ్రుతి పట్టే కుర్రవాడు, తాళం వేసే పెద్దాయన, అందరివీ ఇళ్లే.

మొదట మేము చేసింది తప్పు. ఇది దాచకుండా చెప్పాలి. మా వీధి కుర్రవాళ్లు మంచి మనసుతోనే బాబాయి ఫొటో తీసి, వాచిన బుగ్గ కనపడేలా పెట్టి, కింద డబ్బు పంపే గడుల బొమ్మ (క్యూఆర్ కోడ్) జతచేసి ఫోన్లలో అందరికీ పంపారు. పంపేముందు నాకు చూపించారు. నేను అక్షర దోషాలు దిద్ది ఇచ్చాను. ఆ ఇంట్లోవాళ్లను అడిగారా అని మాత్రం అడగలేదు. సాయంత్రానికి అది మూడు మండలాలు తిరిగి, కారంపూడిలో ఉన్న బాబాయి వియ్యంకుడి ఫోనులోకి వెళ్లింది. ఆయన ఫోను చేసి, "అన్నయ్యా, మాతో ఒక మాట చెప్పకుండా వీధిన పడ్డారా?" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి బాబాయి అరుగు మీద కూర్చుని పీకలు తుడుచుకుంటున్నారు. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, ఊదకుండానే చెవి దగ్గర పెట్టుకుని చూసి, చిన్న కొయ్య పెట్టెలో వరుసగా సర్దుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "అమ్మాయీ, నలభై ఏళ్లు మీ గుమ్మాల్లో కూర్చుని వాయించాను. ముష్టికి కూర్చున్నానని అనిపించుకోలేదు. ఇప్పుడు అనిపించవద్దు." నాకు నోట మాట రాలేదు. క్షమించమని అడిగాను. ఆ గంటలోనే కుర్రవాళ్లందరినీ పిలిపించి ఫొటో తీసివేయించాము. వచ్చిన 6,200 రూపాయలూ ఎవరివి వాళ్లకు తిరిగి పంపాము. తీసుకున్నవాళ్లలో ఇద్దరు నొచ్చుకున్నారు. అయినా పంపాము.

దారి చూపింది పిన్నమ్మ. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె లాగి, ఎర్ర గుడ్డ అట్టల పొడుగాటి ఖాతా పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఈయన ముహూర్తాల పుస్తకాలు. వీటిలో బాకీలున్నాయి. నేను ఎన్నిసార్లు అడగమన్నా పెళ్లివారిని అడుగుతామా అనేవాడు. ఇప్పుడు అడగవచ్చు కదా?"

1986 నుంచి ఒక్క పెళ్లి కూడా వదలకుండా రాసుకున్నారు. తేదీ, లగ్నం, ఇంటిపేరు, ఊరు, ఒప్పుకున్న మొత్తం, ముట్టినది, మిగిలినది. ఆ పక్కన సన్నని అక్షరాలతో ఆ రోజు విశేషం. 'విడిదింట్లో వాన. తోడి ఒక గంట.' 'పెళ్లికొడుకు తాత గారు మోహన రాగం అడిగి ఏడ్చారు.' 'భోజనం రెండు గంటలకు పెట్టారు. డోలు అబ్బాయికి జ్వరం.' నేను తిప్పుకుంటూ పోయి 1999 దగ్గర ఆగిపోయాను. నా పెళ్లి. ఒప్పుకున్నది 1,100, ముట్టినది 1,100. పక్కన, 'పంతులు గారు కూతురిని పంపేటప్పుడు ఆనందభైరవి వాయించమన్నారు. సగంలో ఆపమన్నారు.' మా నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆ రోజు ఆయన వాయించమన్నారని గాని, వినలేక ఆపమన్నారని గాని నాకు ఎవరూ చెప్పలేదు.

బాబాయి ఒక షరతు పెట్టారు. బాకీ ఉన్నవాళ్లను అడగవచ్చు. లేనివాళ్లను అడగకూడదు. మేము రాత్రంతా కూర్చుని బాకీలు కూడితే ముప్ఫై ఎనిమిదేళ్లకు కలిపి 14,320 రూపాయలు తేలింది. అందులో సగం మంది ఇప్పుడు లేరు. సరే, అడగవద్దన్నారు గాని చెప్పవద్దనలేదు కదా అని అర్చకుల గారి భార్య అంది. ఆ మాట పట్టుకున్నాము. మసీదు కమిటీ పెద్దాయన, డోలు మామయ్య, అర్చకులు, నేను, ఇంకో ముగ్గురం పుస్తకాలు పంచుకున్నాము. గత పదిహేనేళ్లవి ముందు, పాతవి తర్వాత. ఫోను చేసి చెప్పేది ఒకటే. "మీ ఇంట్లో ఫలానా ఏడాది పెళ్లికి సన్నాయి వాయించిన ఆయనకు ఒంట్లో బాగాలేదు. గుంటూరులో ఆపరేషన్. మీకు తెలియాలని చెబుతున్నాము." అంతటితో ఆపాలి. సహాయం అన్న మాట మన నోటి నుంచి రాకూడదు.

ఆరు వందల పైచిలుకు ఇళ్లకు ఫోన్లు చేశాము. ఎవరు వాయించారో గుర్తులేదన్నవాళ్లున్నారు. మా పెళ్లే నిలవలేదు, మాకెందుకు చెబుతున్నారని పెట్టేసినామె ఉంది, ఆమె బాధ ఆమెది. గర్భాధానం నాటికి మేళం సగం మందే వచ్చారని 2011 నాటి కోపం ఇప్పుడు తీర్చుకున్నాయన ఉన్నారు. ఎక్కువమంది మాత్రం అవతల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు ఎలా ఉన్నారు?" అన్నారు. తర్వాత, వాళ్లంతట వాళ్లే, "మేమేం చేయాలి?" అన్నారు.

హైదరాబాదు నుంచి ఒకాయన, 1994 నాటి పెళ్లికొడుకు, పుస్తకంలో తన వరుస చదివి వినిపించమన్నారు. ఒప్పుకున్నది 400, ముట్టినది 400 అని చదివాను. "అయిదుగురు, తెల్లవారినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా. నాలుగు వందలు. మా నాన్న లెక్క పూర్తయిందనుకున్నారు. నాకు పూర్తయినట్టు లేదమ్మా" అన్నారు. ఆయన పది వేలు పంపుతానన్నప్పుడు నేను సరే అనలేదు. బాబాయిని అడగాలన్నాను. బాబాయి చాలాసేపు ఆలోచించి, ఆ పుస్తకం తెప్పించుకుని, 1994 నాటి ఆ వరుస కిందే కొడుకు చేత రాయించారు. 'తర్వాత ముట్టినది 10,000.' అప్పటి నుంచి అదే పద్ధతి. ఏ రూపాయి వచ్చినా ఏ పెళ్లిదో ఆ పెళ్లి వరుస కింద చేరాలి. పేరులేని డబ్బు, పెళ్లిలేని డబ్బు తీసుకోలేదు. దేవుడి పేరున గుప్తంగా ఇస్తామన్న ఒకరిద్దరిని కూడా ఏ పెళ్లికి వచ్చారో చెప్పమని అడిగి, అతిథులైతే ఆ పెళ్లి కింద రాశారు.

పాతవాళ్లలో ఒకరి సంగతి చెప్పి ముందుకు వెళతాను. 1991లో 150 బాకీ పడ్డ రైతు ఇప్పుడు ఎనభై దాటిన ముసలాయన. మేము ఫోను చేసింది మనవడికి. రెండు రోజుల తర్వాత పల్లెవెలుగు బస్సు దిగి, కర్ర పొడుచుకుంటూ వచ్చి, 150 రూపాయలు పిన్నమ్మ చేతిలో పెట్టి, తన కళ్ల ముందు గీత కొట్టమన్నాడు. కొట్టాక పంచె కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. అంతకంటే ఒక్క రూపాయి ఇవ్వలేదు, మేమూ అనుకోలేదు. తర్వాత ఆషాఢమంతా ప్రతి సోమవారం మనవడి చేత రెండు కిలోల రాగులు పంపాడు.

శ్రావణంలో పెళ్లిళ్లు పెట్టుకున్న పదకొండు కుటుంబాలు మేళానికి పూర్తి సొమ్ము జూన్ నెలలోనే ఇచ్చాయి. ఇది బాబాయి అన్నిటికంటే తేలికగా తీసుకున్న డబ్బు. "పని చెప్పి ఇస్తున్నారు, చేస్తాము" అన్నారు. ఎవరు చేస్తారో అప్పటికి మాకు తెలియదు.

కాగితాల పని ఇంతకంటే కష్టమైంది. అప్పటికింకా ఆరోగ్యశ్రీ అన్నదే పేరు, ఆ తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ పథకం కిందికే వస్తాయని ఆసుపత్రిలో పథకం పని చూసే ఆరోగ్యమిత్ర చెప్పింది. తీరా చూస్తే కార్డులో బాబాయి పేరు ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక, మధ్యలో ఒక అక్షరం తేడా. గ్రామ సచివాలయంలో దాన్ని సరిచేయించడానికి నాలుగు రోజులు తిరిగాము. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లుంటే, రోగం లేనప్పుడే ఒక సాయంత్రం కూర్చుని ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. మా బడిలో ఇప్పుడు పదో తరగతి పిల్లలకు ఇంటిపనిగా ఇదే ఇస్తున్నాను.

పథకం ఆపరేషన్ బల్ల దాకా తీసుకువెళుతుంది. దాని చుట్టూ ఉండే ఖర్చును మనమే మోయాలి. రోగం తేలేదాకా చేసిన పరీక్షలు, రానుపోను ఛార్జీలు, తోడున్నవాళ్ల తిండి, గుంటూరులో గది అద్దె, గొట్టంలో పోసే ఆహారం, కట్లు, ఇంటి దగ్గర పొయ్యి వెలగడం. మే నుంచి ఆగస్టు దాకా పుస్తకంలో చేరింది 3,12,650 రూపాయలు. ఖర్చయింది 2,41,300. ఈ అంకెలు నేను తడుముకోకుండా చెప్పగలను. ఎందుకంటే ప్రతి శనివారం సాయంత్రం రామాలయం మండపంలో డోలు మామయ్య కొడుకు జమ, ఖర్చు పైకి చదివేవాడు. ఒక ప్రతి మసీదు గోడకు అంటించేవాళ్లము. డబ్బు మా ఎవరి చేతిలోనూ లేదు. పిన్నమ్మ, కొడుకు కలిసి తెరిచిన బ్యాంకు ఖాతాలో ఉంది. నలుగురి డబ్బు నలుగురి ముందు లెక్కపెట్టకపోతే ఎంత మంచివాళ్ల మధ్యనైనా మాట పుడుతుంది. ఆ మాట చివరికి రోగి చెవిలోనే పడుతుంది.

ఆపరేషన్ మే నెల చివర్లో జరిగింది. డోలు మామయ్య, శ్రుతి కుర్రవాడు రక్తం ఇచ్చారు. పొద్దున ఎనిమిదికి లోపలికి తీసుకువెళితే సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఎడమ బుగ్గ, ఆ వైపు కింది దవడలో కొంత, మెడలో గడ్డలు తీసి, ఛాతీ మీది కండను తిప్పి బుగ్గకు అతికారు. ఊపిరికి గొంతు దగ్గర చిన్న రంధ్రం, ఆహారానికి ముక్కులో గొట్టం. ముందే చెప్పి ఉన్నా, చూసినప్పుడు కాళ్లు వణికాయి. మాట రాదు కాబట్టి బడి నుంచి ఒక పలక తీసుకువెళ్లాను. మూడో రోజు బలపం చేతికిచ్చాము. నొప్పి గురించి రాస్తారేమో, నీళ్లు అడుగుతారేమో అనుకున్నాము. వంకర అక్షరాలతో, 'పొద్దున గుళ్లో ఎవరు?' అని రాశారు.

నిజానికి ఎవరూ లేరు. కొడుకు ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఎనిమిది రోజులుగా మా ఊరు భూపాలం లేకుండా లేస్తోంది. పిన్నమ్మ ఆ పలక చదివి, కొడుకు వైపు తిరిగి, "నువ్వు ఇంటికి వెళ్లు. ఇక్కడ మేము చూసుకుంటాము" అంది. ఆ రాత్రి ఆఖరి బస్సుకే పంపింది.

జూలై 8న రేడియేషన్ మొదలైంది. వారానికి అయిదు రోజుల చొప్పున ముప్ఫై సార్లు, వారానికొకసారి కీమో. ముఖానికి సరిపడా అచ్చు పోసిన జల్లెడ తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. లోపల ఉండేది కొద్ది నిమిషాలే. కష్టమంతా తర్వాత. మూడో వారానికి నోరంతా పుండ్లు, చిక్కటి ఉమ్మి, మెడ మీద చర్మం కమిలిపోయింది. ఆపరేషన్‌కు ముందు 58 కిలోలున్న మనిషి 49కి వచ్చారు.

గొట్టంలో ఆహారం పోయడం ఒక విద్య. నర్సు అమ్మాయి మా ఏడుగురికీ నేర్పింది. రాగి జావ పలచగా కాచి, పాలు, ఉడికిన గుడ్డు తెల్లసొన, కొద్దిగా నూనె, పప్పుకట్టు, అన్నీ మిక్సీలో వేసి, పలుచని గుడ్డలో వడకట్టాలి. నలక మిగిలితే గొట్టం పూడుకుంటుంది. రెండు గంటలకొకసారి, ఒక గ్లాసు, మనిషిని కూర్చోబెట్టి, పిచికారీని ఎత్తి పట్టుకుని, దానంతట అది దిగేలా. తోయకూడదు. ముందూ వెనకా నీళ్లు. పోశాక అరగంట పడుకోకూడదు. తెల్లవారుజామున నాలుగింటి వంతు ఎవరికీ ఇష్టం ఉండదు. అది అర్చకుల గారి భార్య తీసుకుంది. ఆమెకు ఎటూ ఆ వేళకు లేవడం అలవాటట. ఆమె మడి ఆచారాలు తెలిసినవాళ్లకు ఇది ఎంత మాటో అర్థమవుతుంది. సాహెబుల గదిలో, గుడ్డు కలిపిన జావ, ఆమె చేత్తో. నేను ఏమీ అనలేదు, ఆమే ఒకసారి అంది. "ఇరవై ఏళ్లు ఆయన సన్నాయితోనే స్వామిని లేపాను. ఇప్పుడు ఆయనను లేపుతున్నాను."

ఆగస్టు 5న శ్రావణం వచ్చింది. రేడియేషన్ అయిదో వారం, అన్నిటికంటే చెడ్డ వారం. అదే వారంలో ముందుగా సొమ్ము తీసుకున్న పెళ్లిళ్లు మొదలయ్యాయి. కొడుకు వెళ్లనన్నాడు. నాన్న ఇలా ఉంటే గట్టిమేళం ఎలా వాయిస్తానని గది బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. లోపల నుంచి పలక మీద బలపంతో టకటక కొట్టిన చప్పుడు. వెళ్లి చూస్తే బాబాయి ఒక్క మాటే రాశారు. 'ముట్టింది.' సొమ్ము ముట్టింది, వెళ్లాలి. కొడుకు కళ్లు తుడుచుకుని లేచాడు. చీరాల నుంచి వారి బంధువు ఒకాయన రెండో సన్నాయికి వచ్చి, ఆ నెలంతా తన వంతు డబ్బులో సగమే తీసుకున్నాడు. పదకొండు పెళ్లిళ్లలో ఒక్కటీ తప్పలేదు.

సెలవులు కలిసి రేడియేషన్ ఆగస్టు మూడో వారానికి పూర్తయింది.

ఇక్కడ నాకు గొంతులో ముల్లులా ఉన్న సంగతి ఒకటి చెప్పాలి. బాబాయి జర్దా కిళ్లీ వేసేవారు. ఆ అలవాటు ఆయనది మాత్రమే అనుకుంటే మాకు సుఖంగా ఉండేది. కానీ ముహూర్తాల పుస్తకం చదివినవాళ్లం. 'పెళ్లివారు మంచి మర్యాద. వెండి పళ్లెంలో కిళ్లీలు' అని చాలాచోట్ల ఉంది. భోజనం ఆలస్యమైనప్పుడు, రాత్రి లగ్నానికి నిద్ర ఆపుకోవాల్సి వచ్చినప్పుడు, మా తండ్రులు, మా అన్నలు పళ్లెం పట్టుకుని వెళ్లి, "వేసుకోండి సాహెబ్ గారూ" అని ఇచ్చారు. గౌరవంగానే ఇచ్చారు. పొగాకు సంగతి సరే, వక్క కూడా క్యాన్సర్ కారకమేనని గుంటూరు డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు మా పెళ్లి పందిరి కళ్లముందు మెదిలింది. ఇప్పుడు మా ఊళ్లో మేళం వారికి పళ్లెంలో ఖర్జూరాలు, బెల్లం, వేయించిన శనగలు పెడుతున్నారు. కొన్ని ఇళ్లలో ఇంకా కిళ్లీలే పెడుతున్నారు. కనపడితే నేను వెళ్లి తీసేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

పేటలోని ఆ పళ్ల డాక్టరు గారే దసరాకు ముందు ఒక ఆదివారం మా ఊరు వచ్చి, చుట్టుపక్కల మేళాల వాళ్లు పద్నాలుగు మందిని వరుసగా కూర్చోబెట్టి నోళ్లు చూశారు. ఇద్దరికి తెల్ల మచ్చలున్నాయి. ఒకరు డోలు మామయ్యే. ఆయన అప్పటికప్పుడు పొట్లం తీసి కాలవలో విసిరేశారు. మూడు రోజులకు మళ్లీ కొన్నారు. మళ్లీ విసిరేశారు. ఇప్పటికి ఏడు నెలలు. మచ్చ ముదరలేదని మొన్న చెప్పారు.

రేడియేషన్ అయ్యాక దవడలు బిగుసుకుపోతాయి. వ్యాయామం చేయకపోతే నోరు చెంచా కూడా పట్టనంతగా మూసుకుపోతుంది. దానికి ఐస్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు పళ్ల మధ్య పెట్టి, రోజుకు అయిదారుసార్లు పట్టి ఉంచాలి. మా బడి పిల్లలు పుల్లలు ఏరి, కడిగి, ఎండబెట్టి తెచ్చేవాళ్లు. సెప్టెంబరులో ఏడు పుల్లలు పట్టేవి. డిసెంబరుకు పదకొండు. ఒక్కో పుల్లా పెరిగిన రోజు బాబాయి కోడలు నాకు ఫోను చేసి అంకె చెప్పేది, అంతే, వేరే మాట ఉండేది కాదు. గొట్టం అక్టోబరులో తీశారు. మొదట తిన్నది మెత్తగా పిసికిన పెరుగన్నం.

ఊదడం ఇక లేదు. బుగ్గలో గాలి నిలవదు, పెదవి ఒక వైపు మూసుకోదు. ఈ మాట మేమెవరమూ ఆయనతో అనలేదు, ఆయనా మాతో అనలేదు. నవంబరులో ఒక సాయంత్రం నేను వెళితే అరుగు మీద కొడుకు వాయిస్తున్నాడు, ఎదురుగా బాబాయి పీక లేని సన్నాయి పట్టుకుని వేళ్లు మాత్రం ఆడిస్తున్నారు. కొడుకు ఆ వేళ్లు చూస్తూ వాయిస్తున్నాడు. కల్యాణిలో ఒకచోట గమకం తప్పితే ఆయన వేళ్లు ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి, నెమ్మదిగా చూపించాయి. మూడోసారికి వచ్చింది. నేను గేటు తీయకుండా అక్కడే నిలబడ్డాను.

2025లో శ్రీరామనవమి ఏప్రిల్ 6న వచ్చింది. బాబాయి తాళాలు పట్టుకుని పందిట్లో కూర్చున్నారు. జీలకర్ర బెల్లం అయ్యాక అర్చకులు మంగళసూత్రాలు పైకెత్తి, ఎప్పుడూ లేనిది, ఒక్క క్షణం ఆగి మేళం వైపు చూశారు. కొడుకు అందుకున్నాడు. బాబాయి కళ్లు తెరిచే ఉన్నారు, కొడుకు బుగ్గల వైపే చూస్తూ తాళం వేశారు. ఇంటికి వెళ్లాక పుస్తకం తీసి తన చేత్తోనే రాసుకున్నారని పిన్నమ్మ చెప్పింది. ఏం రాశారో నేను అడగలేదు.

ఖాతాలో మిగిలిన 71,350 పరీక్షల కోసం అలాగే ఉంచాము. మొదటి ఏడాది ప్రతి రెండు మూడు నెలలకూ వెళ్లి చూపించుకోవాలి. వచ్చే మంగళవారం వంతు నాది. ఫైలు, స్కానింగ్ కాగితాలు, కార్డు నా సంచిలోనే ఉన్నాయి. ఆరున్నర బస్సుకు వెళితే పదింటికల్లా వరుసలో ముందుంటాము. పుల్లలు పదిహేను పడుతున్నాయి.